మా వియ్యంకుడు గారి జైరోలు

మా వియ్యంకుడు గారు పోయారు. కబురు వచ్చేసరికి నేను ఆయన కోసం ఉప్పు తగ్గించి కాచిన జావ ఫ్లాస్కులో పోస్తున్నాను. అమ్మాయి, అల్లుడు గారు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళారు. అల్లుడు గారు ఏ సంగతైనా అమ్మాయికే ఫోన్ చేసి చెబుతారు కానీ నాకు చెయ్యరు. నా ఫోన్ మీద ఆయన పేరు కనబడింది. "అత్తయ్యగారూ, నాన్న లేరు" అన్నారు. నేను ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాను. ఎవరికోసం బిగించానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం నా మనవరాలు నా పక్కన వచ్చి కూర్చుంది. కాలేజీలో చదువుతోంది, విమానం నడపడం నేర్చుకుంది. "అమ్మమ్మా, నేను ఇంక ఫ్లై చెయ్యను. ఐయామ్ డన్" అంది.

అది విమానం పాఠాలు మొదలుపెట్టిన రోజు నుంచి నేను ప్రతి శనివారం ఆంజనేయస్వామిని అడిగింది ఈ ఒక్క మాటే. పిల్ల దానంతట అది మానేస్తే చాలు, ఇంకేమీ వద్దు స్వామీ అనేదాన్ని. అడిగింది ఇచ్చాడు. ఇచ్చిన రోజు మాత్రం ఇది. దాన్ని చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అమ్మాయి అంది. నా చదువు ఐదో తరగతి. అక్షరం తప్పైతే అమ్మాయి దిద్దుతుంది, విమానం సంగతి తప్పైతే మనవరాలు దిద్దుతుంది. ఆయనుంటే దిద్దేవారు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేవారు.

వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే కప్పు కింద బతకడం మా వైపు ఎరగం. ఆయనకి భార్య పోయి చాలా ఏళ్ళయింది. నాకు మా ఆయన పోయాక అమ్మాయి నన్ను ఇక్కడికి, టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊరికి తెచ్చేసుకుంది. అల్లుడి ఇంట్లో తినడమే నాకు మొహమాటం, దానికి తోడు వియ్యంకుడు గారి ఎదుట తిరగాలి. మొదట్లో ఆయన హాల్లో ఉంటే నేను వంటింటి గట్టు వెనకే నిలబడేదాన్ని, కూర్చునేదాన్ని కాదు. ఆయనకి అది తెలుసు. మేడ మీద నుంచి దిగేటప్పుడు సగం మెట్ల మీద ఆగి ఒకసారి దగ్గేవారు. నేను కొంగు సర్దుకునే వ్యవధి ఇచ్చి అప్పుడు దిగేవారు. తర్వాత్తర్వాత మేం ఒకే బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేంత చనువు వచ్చింది. అయినా ఆ దగ్గు మానలేదు. "చెల్లెమ్మా" అని పిలిచేవారు, నేను "అన్నయ్యగారూ" అనేదాన్ని.

ఆయన పని విమానాల్లో ఉండే మీటర్లు బాగుచెయ్యడం. ముందు హైదరాబాదులో చేశారు, తర్వాత ఈ టెక్సాస్‌లోనే ఒక షాపులో రిటైరయ్యేదాకా చేశారు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా ఆయన మర్యాదకి, తమరేం చేస్తుంటారండీ అని అడిగారు. "జైరోలు బాగుచేస్తానండీ" అన్నారాయన. మా ఇంట్లో అందరికీ జీరో అని వినబడింది. జీరో అంటే మాకు తెలిసింది పడగ్గదిలో వెలిగించుకునే జీరో బల్బు ఒక్కటే. వాళ్ళు వెళ్ళాక మా ఆయన దిగాలుగా కూర్చున్నారు. అమెరికా దాకా వెళ్ళి జీరో బల్బులు బాగుచేసుకోవడమేమిటి, పోయిన బల్బు పారేస్తారు గానీ బాగుచేస్తారా అని మా ఆడపడుచు ఒకటే సాగదీసింది. పిల్లవాడు బుద్ధిమంతుడని ఒప్పుకున్నాం. ఈ సంగతి పదేళ్ళు దాచి, ఒకరోజు చిక్కుళ్ళు ఒలుస్తూ నోరు జారాను. ఆయనకి నవ్వి నవ్వి పొరబోయింది. అప్పటి నుంచి ఎవరైనా ఏం చేసేవారని అడిగితే, "మా వియ్యాలవారినడగండి, జీరో బల్బులు" అనేవారు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. గోడ గడియారం చూడాలంటే ముందు గోటితో అద్దం మీద టక్ మని కొట్టి అప్పుడు చూసేవారు. మైక్రోవేవ్‌నీ అలాగే కొట్టేవారు. ముల్లు ఇరుక్కుని అబద్ధం చెప్పొచ్చు, తట్టి అడిగితే నిజం చెబుతుందనేవారు. మైక్రోవేవ్‌కి ముల్లెక్కడిది అన్నయ్యగారూ అంటే చేతికి అలవాటైపోయిందనేవారు. ఊరి నుంచి తెచ్చుకున్న నా మిక్సీ తిరుగుతుంటే చెవి అటు వేసి, "బేరింగు ఏడుస్తోంది చెల్లెమ్మా, ఇంకో రెండు పచ్చళ్ళు వస్తాయి" అనేవారు. అలాగే అయ్యింది. ధూళి అంటే ఆయనకి శత్రువు. ఏ వస్తువు విప్పినా ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తెల్ల గుడ్డ పరిచి, దాని మీద విప్పేవారు. నేను దేవుడి సామాన్లు తోముకునేటప్పుడు కూడా అంత శుభ్రం ఉండదు.

జైరో అంటే ఏమిటో ఆయనే నాకు గ్యారేజ్‌లో చూపించారు. మనవరాలి పాత సైకిల్ చక్రం ఊడదీసి, ఇరుసు రెండు చివరలా నా చేతులకిచ్చి, చక్రాన్ని గట్టిగా తిప్పారు. ఇప్పుడు ఒక చెయ్యి పైకెత్తండి అన్నారు. ఎత్తాను. చక్రం నేను చెప్పిన వైపు రాలేదు, పక్కకి తిరిగింది. నాకు భయమేసి వదిలేయబోయాను. ఇందులో దెయ్యమేమీ లేదు, తిరిగే చక్రానికి పంతం ఎక్కువ, ఉన్న తీరునే ఉంటానంటుంది, దాన్ని ఒక వైపు తోస్తే అడ్డంగా ఇంకో వైపు జరుగుతుంది అని చెప్పారు. నాకు ఎక్కలేదు.

"మీరు మా వాడికి ఏదైనా చెప్పాలంటే వాడితో చెబుతారా?" అన్నారు.

"అల్లుడు గారితో ఎలా చెబుతానండీ. అమ్మాయితో అంటాను."

"అనేది అమ్మాయిని, కదిలేది మావాడు. జైరో కూడా అంతే."

అప్పుడు ఎక్కింది. ఇప్పటికీ మరిచిపోలేదు.

చిన్న విమానాల్లో ఈ చక్రాలు ముఖ్యంగా మూడు మీటర్లలో ఉంటాయట. ఒకదాంట్లో ఇరుసు నిలువుగా ఉంటుంది. చక్రం చుట్టూ ఉంగరంలో ఉంగరంలా కట్లు. విమానం ఎటు ఒరిగినా కట్లే తిరుగుతాయి గానీ లోపలి చక్రం నిటారుగానే ఉంటుంది. దాని ముఖం మీద పైసగం నీలం, కిందసగం మట్టిరంగు. మబ్బులో ఏమీ కనబడనప్పుడు ఆకాశం ఏది, నేల ఏది అని అది చెబుతుంది. రెండోదాంట్లో ఇరుసు పడుకుని ఉంటుంది. అది దిక్కు చెబుతుంది. మూడోదాని చక్రాన్ని స్ప్రింగుతో పట్టి ఉంచుతారు, విమానం ఎంత వేగంగా పక్కకి తిరుగుతోందో చెబుతుంది. మొదటి రెండూ ఇంజన్ పీల్చే గాలితో తిరుగుతాయి, మూడోది కరెంటుతో. ఎందుకలా, అన్నీ కరెంటుతో తిప్పొచ్చు కదా అన్నాను. "మీరు ఇల్లు కదిలేటప్పుడు తాళంచెవి ఒకటి మీ దగ్గర, ఒకటి అమ్మాయి దగ్గర ఎందుకు పెడతారు?" అన్నారు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలనే.

పెద్ద విమానాల్లో ఇప్పుడు చక్రమే లేదట. గాజుదిమ్మలో వెలుతురుని రెండు దిక్కుల నుంచి ఎదురెదురుగా పరిగెత్తిస్తారట. విమానం తిరిగితే ఒక వెలుతురు కాస్త ముందు, రెండోది కాస్త వెనక వస్తుంది, ఆ తేడాని బట్టి లెక్క కడతారు. ఫోన్ అడ్డం తిప్పితే బొమ్మ అడ్డం తిరుగుతుందే, అందులోనూ నలుసంత జైరో ఉందట. చక్రం లేదు, ఊరికే అదురుతూ ఉంటుందట. కొత్తవి వచ్చాక ఆయన షాపులో పని తగ్గిపోయింది. బాధగా లేదా అని అడిగాను. "వెలుతురుకి బేరింగు అరగదు కదా చెల్లెమ్మా, మంచిదే" అన్నారు. కానీ ఆ రోజు గ్యారేజ్‌లో చాలాసేపు ఉండిపోయారు.

ఇవన్నీ విని విని పిల్లకి విమానం మీద మనసు పడింది. ఫ్రిస్కోకి ఉత్తరంగా, అరగంట డ్రైవ్‌లో చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది. అక్కడ చేరింది. నాకు అన్నం సయించలేదు. కారు ఫ్రీవే మీద వెళుతుంటేనే నేను ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంటాను. ఆయన నన్ను కోప్పడలేదు, భయం లేదని బుకాయించనూ లేదు. నన్ను ఆఫీస్ కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, నెమ్మదిగా తిప్పారు. కాసేపటికి ఆపేశారనుకున్నాను. కళ్ళు తెరిస్తే ఇంకా తిరుగుతోంది. నిజంగా ఆపాక వెనక్కి తిరుగుతున్నట్టనిపించింది. చెవిలో ఉన్న నీళ్ళు అలా అబద్ధం చెబుతాయి, మబ్బులోకి పోయినవాళ్ళు ఆ చెవిని నమ్మి పడిపోతారు, అందుకే మీటరు కావాలి అన్నారు. తర్వాత ఒక మాట అన్నారు. "భయపడటం తప్పు కాదు చెల్లెమ్మా. భయం చెప్పిందని స్టీరింగ్ తిప్పడం తప్పు."

పిల్ల ఎగిరే రోజున మేమిద్దరం ఫెన్స్ పక్కన బెంచీ మీద కూర్చునేవాళ్ళం. నేను హనుమాన్ చాలీసా, ఆయన వేయించిన వేరుశనక్కాయలు. తిరిగొచ్చాక అది ఏ మీటరు ఏం చెప్పిందో ఆయనకి వరసగా చెప్పాలి. ఆ కబుర్లు ఇంటికి వచ్చి భోజనాలయ్యేదాకా సాగేవి.

అది ఒక్కతే ఎగరాల్సిన రోజు దగ్గరపడింది. టీచర్ కింద ఉండిపోతారు, పిల్ల ఒక్కతే పైకి. నేను ఇండియన్ స్టోర్‌లో చిన్న వినాయకుణ్ణి కొన్నాను, కారు ముందర పెట్టుకునేది. ఇంకేమీ అడగను అన్నయ్యగారూ, ఈయన్ని దాని కళ్ళెదురుగా పెట్టండి చాలు అన్నాను. కొత్త కారు కొంటే నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, దేవుణ్ణి పెట్టందే బయటికి తియ్యం. విమానానికి మాత్రం ఎందుకు వద్దు? ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. ఏమనిపించిందో, ఎదురు చెప్పలేదు. పొద్దున్నే వెళ్ళి, దండం పెట్టి, తన చేత్తోనే వినాయకుణ్ణి అద్దం కింద నిలబెట్టి వచ్చారు. పిల్ల చూసి నవ్వింది. తాతయ్య పెట్టిందని ఉంచేసింది.

విమానం మెల్లగా రన్‌వే చివరికి వెళ్ళింది. అక్కడ ఆగింది. నేను చాలీసా మధ్యలో ఉన్నాను. ఎగరలేదు. చాలాసేపు అక్కడే నిలబడి, పక్కకి తిరిగి, వెనక్కి వచ్చేసింది. టీచర్ రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఏదో వింటున్నాడు. అన్నయ్యగారి చేతిలో వేరుశనక్కాయల పొట్లం అలాగే ఉండిపోయింది.

పిల్ల దిగి మా దగ్గరికి నడిచొచ్చింది. గుప్పిట్లో వినాయకుడున్నాడు.

"తాతయ్యా, మీ వినాయకుడు నార్త్‌ని లాగేస్తున్నాడు" అంది.

బొమ్మ కింద అయస్కాంతం ఉంది. కారు రేకుకి అంటుకోవాలని పెడతారు కదా. దాని పక్కనే విమానం దిక్సూచి. చక్రం ఉన్న దిక్కు మీటరు పోను పోను కొంచెం కొంచెం పక్కకి జరిగిపోతుందట. దాన్ని దిక్సూచి చూసి మళ్ళీ మళ్ళీ సరిచేసుకుంటారు. దిక్సూచి వినాయకుడి వైపు తిరిగితే, అది చూసి సరిచేసిన మీటరు కూడా తప్పే చూపిస్తుంది. రన్‌వే మొదట్లో దిక్కు అంకె పెద్దగా రాసుంటుంది. పిల్ల ఆ అంకె చూసింది, మీటరు చూసింది, రెండూ కలవలేదు. ఎగరకుండా వెనక్కి తిప్పింది.

జీవితమంతా అదే పని చేసిన మనిషి. షాపులో దిక్సూచి దగ్గరికి స్క్రూడ్రైవర్ కూడా రానిచ్చేవారు కాదట. దేవుడు కదా అని బొమ్మని తిరగేసి చూడలేదు. ఈయనే పొరబడితే ఇంక ఎవరిని నమ్మాలి? చూశారా, చూశారా అన్నాను, ఇంకేం అన్నానో గుర్తు లేదు. ఆయన మాత్రం బెంచీ మీద వెనక్కి వాలి కూర్చున్నారు. మొహంలో సిగ్గు ఉంది, అంతకు మించి ఇంకేదో ఉంది.

"ఇన్నాళ్ళూ నాకూ లోపల భయంగానే ఉండేది చెల్లెమ్మా. మీకు చెప్పలేదు. ఇవాళ పోయింది. నా తప్పు నేను పట్టుకోలేదు, అది పట్టుకుంది."

వినాయకుణ్ణి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. అక్కడ ఏ దిక్కుని లాగినా పరవాలేదన్నారు. పిల్ల ఆ మధ్యాహ్నమే ఒక్కతే ఎగిరి దిగింది.

లైసెన్స్ వచ్చాక మొదట తాతయ్యని ఎక్కించుకుంటానని మాటిచ్చింది. ఆ ముందు కుడివైపు సీటు తాతయ్యది, ఇంకెవరూ అడగకూడదు. కానీ దాని పరీక్ష తేదీ వచ్చేలోపే ఆయనకి గుండె బలహీనపడింది. పరీక్ష పాసై తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి చెబితే, ముక్కుకి గొట్టంతోనే, గాలి ఎంత ఉంది, దిగేటప్పుడు ఏ మీటరు చూశావు అని అడిగారట. వచ్చే వారం ఇంటికి పంపిస్తారని డాక్టర్లు అన్నారు. ఆ వారం రాలేదు.

పెద్దకర్మ అయ్యింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళు ఫోన్ చేస్తే పిల్ల, నో థాంక్యూ అని పెట్టేసింది. మా అమ్మాయి నా వైపు చూసి, నీ కోరిక తీరిందిగా అమ్మా, ఇంక నిశ్చింతగా నిద్రపో అంది. వెటకారం కాదు, దానికీ లోపల ఊరటగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆ వారం నేను బాగానే నిద్రపోయాను.

ఒక ఆదివారం పిల్లా నేనూ పెరట్లో కరివేపాకు కుండీలు ఎండలోకి జరుపుతున్నాం. మా ఇంటి మీదుగా ఒక చిన్న విమానం వెళ్ళింది. ఇదివరకు ఆ చప్పుడు వినబడితే చాలు, అన్నం ముద్ద చేతిలో ఉన్నా బయటికి పరిగెత్తేది, అది ఏ రకమో, ఎటు పోతోందో చెప్పేది. ఆ రోజు తల ఎత్తలేదు. చప్పుడు పూర్తిగా పోయేదాకా కుండీలో మట్టినే చూస్తూ నిలబడింది. పిల్ల నేల మీదే ఉంది, క్షేమంగా ఉంది, నేను కోరుకున్నట్టే ఉంది. నాకు మాత్రం తిరిగే చక్రాన్ని ఎవరో ఆపి పడుకోబెట్టేసినట్టనిపించింది.

ఎందుకు మానేశావే అని అప్పటిదాకా నేను అడగలేదు. అడిగితే మళ్ళీ మొదలుపెడుతుందేమోనని నా భయం. అప్పుడు అడిగాను.

"దిగొచ్చాక ఎవరికి చెప్పాలి?" అంది. అంతే అంది.

కాసేపు కుండీలు జరుపుతూనే ఉన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"ఎప్పుడు బుక్ చేస్తావు?"

"ఏంటి అమ్మమ్మా?"

"విమానం. తాతయ్య సీటు ఖాళీగా ఉందిగా. నేను కూర్చుంటాను."

"నువ్వు మాల్‌లో ఎస్కలేటర్ కూడా ఎక్కవు."

"ఎక్కను."

"దెన్ హౌ?"

"భయం పోయాక రమ్మంటే ఈ జన్మలో రాలేను. భయంతోనే వస్తాను. ఎక్కించుకుంటావా, లేదా?"

అది చేతుల మట్టి దులుపుకుంది, మళ్ళీ దులుపుకుంది. "వామిట్ బ్యాగ్స్ ఉంటాయి" అంది చివరికి. అది ఒప్పుకోవడమే.

వెళ్ళాం. ఎలా ఎక్కానో రాయను. దాని టీచరూ ఇంకొకతనూ చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. పిల్ల నా చెవులకి హెడ్‌సెట్ పెట్టి, బెల్టు బిగించి, ఏ తలుపు ఎలా తీయాలో చెప్పింది. ఇంట్లో పది సార్లు పిలిస్తే గానీ పలకని పిల్ల, ఇక్కడ ఒక్కో మీటరు మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చూసుకుంది. రన్‌వే చివర ఆగి నేల మీది అంకె చూసింది, మీటరు చూసింది. అప్పుడు కదిలించింది.

పైకి లేచేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇళ్ళన్నీ బియ్యంలో ఏరిన రాళ్ళలా ఉన్నాయి. విమానం ఒక పక్కకి తిరిగి మళ్ళీ సర్దుకుంది. సర్దుకున్నా నాకు ఇంకా ఒరిగిపోతున్నట్టే ఉంది, పడిపోతున్నామే అని అరవబోయాను. నా ఎదుట నీలమూ మట్టిరంగూ ఉన్న గుండ్రటి మీటరు ఉంది. గీత తిన్నగా ఉంది. నా చెవి ఒరిగామంటోంది, అది లేదంటోంది. పిల్ల మొహం చూశాను. అది కూడా దాన్నే చూస్తోంది. అరవలేదు. దిగేదాకా ఆ గీత మీది నుంచి చూపు తియ్యలేదు. కింద సరస్సు ఉందట, చూడమంది. చూడలేదు.

దిగాక విమానాన్ని దాని చోట ఆపి, పిల్ల ఇంజన్ కట్టేసింది. ముందర ఫ్యానులా తిరిగే రెక్క ఒకటి రెండు సార్లు తూలి ఆగింది. నేను బెల్టు మీద చెయ్యి వేశాను, ఎప్పుడు నేల తొక్కుతానా అని. పిల్ల కదల్లేదు. హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, నా హెడ్‌సెట్ కూడా మెల్లగా తీసింది.

అప్పుడు వినబడింది. మీటర్ల వెనక నుంచి సన్నగా ఒక రాగం, తేనెటీగ గోడ అవతల ఉన్నట్టు.

"జైరోస్ అమ్మమ్మా. ఇంజన్ ఆగినా ఇవి వెంటనే ఆగవు. ఇంకా తిరుగుతున్నాయి" అంది. తర్వాత అడిగింది. "ఆగేదాకా ఉందామా?"

నేను బెల్టు మీద నుంచి చెయ్యి తీసేశాను. తలుపు తీయలేదు. ఆ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ, ఉందా లేదా అన్నంతగా ఉంది. మా ఎదుట నీలం సగం నెమ్మదిగా, నిద్రొచ్చిన మనిషి తలలా, ఒక పక్కకి ఒరుగుతోంది.